కాలిన చేతికి తేనె కట్టు: కర్నూలులో కొన్న ట్యూబు, పట్టీలు, ఇంట్లో ఉన్న అడవి తేనె సీసా

గడిచిన ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీలు వేస్తుండగా బాణలి ఒరిగి, కాగిన నూనె మా అమ్మ ఎడమ ముంజేతి మీద పడింది. అరచేయంత మేర ఎర్రబడి, పావుగంట తిరగకముందే రెండు బొబ్బలు లేచాయి. కాలిన చోటును 20 నిమిషాల పాటు చల్లని పారే నీటి కింద ఉంచాలన్న సంగతి నాకు తెలుసు గానీ, ఏప్రిల్‌లో కర్నూలు మిద్దె మీది ట్యాంకు నుంచి కుళాయిలోకి దిగే నీళ్ళు ఎలా ఉంటాయో ఈ ఊరివాళ్ళకు చెప్పనక్కరలేదు. కాబట్టి తాగడానికి పెట్టుకున్న కుండ నీళ్ళను చెంబుతో పోస్తూ కూర్చున్నాము. ఈలోగా పక్కింటి అక్క టూత్‌పేస్టు పట్టుకొచ్చింది, మా ఆవిడ పసుపు డబ్బా తీసింది, అమ్మ మాత్రం "అలమారలో అడవి తేనె ఉంది చూడు నాయనా, అది పూయండి" అన్నది. మూడింటికీ అడ్డం పడి ఆమెను ఎన్.ఆర్.పేటలోని ఒక సర్జన్ దగ్గరికి తీసుకుపోయాను. తీరా చూస్తే, గాయం శుభ్రం చేసి, టీటీ ఇంజెక్షన్ ఇప్పించి, ఆ డాక్టరు గారు రాసిచ్చింది కూడా తేనే. కాకపోతే ట్యూబులో వచ్చే తేనె, దానితో పాటు తేనె పట్టించిన గాజుగుడ్డ పట్టీలు. "పెద్దమ్మా, తేనె సంగతి మీరన్నది నిజమే, సీసా సంగతి మాత్రం కాదు" అని ఆయన అమ్మతో అన్నారు.

నేను ఒక జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతాను. ఆ మాటలో ఎంత నిజముందో తేల్చుకోవాలన్న పట్టుదలతో, రెండు వారాల పాటు ఆ ట్యూబునూ పట్టీలనూ దగ్గరుండి వాడాను, లేబుళ్ళు చదివాను, ఇంట్లోని సీసాతో పోల్చి చూశాను. ఆ అనుభవమే ఈ సమీక్ష. తయారీదారు పేరు రాయడం లేదు. ఈ రకం సరుకు ఇప్పుడు నాలుగైదు పేర్లతో దొరుకుతోంది కాబట్టి, నేను చెప్పే మంచి చెడ్డలు పేరుకన్నా రకానికి ఎక్కువగా వర్తిస్తాయి.

ముందు వస్తువు ఎలా ఉంటుందో చెబుతాను. ట్యూబు చేతి వేలి పొడవు ఉంటుంది. నొక్కితే బంక లాంటి ముదురు గోధుమరంగు తేనె వస్తుంది, మామూలు తేనె కంటే చిక్కగా, కాస్త మందు వాసనతో ఉంటుంది. పట్టీ అంటే అదే తేనెను పట్టించిన వల లాంటి గుడ్డ. ఒక్కొక్కటీ విడిగా మూసిన పొట్లంలో వస్తుంది. పెట్టె మీద నాకు పనికొచ్చిన మాటలు మూడు: గామా కిరణాలతో సూక్ష్మజీవి రహితం చేసినది, పొట్లం తెరిచాక ఒకే వ్యక్తికి వాడవలసినది, ఏ పూల తేనె నుంచి తయారైనదో. ఈ మూడూ లేని "తేనె ఆయింట్‌మెంటు" మందుల షాపుల్లో కనిపిస్తే అది సౌందర్య సాధనమో, తేనె వాసన కలిపిన మరేదో అయి ఉండవచ్చు. నాకు మొదటి షాపులో చేతికిచ్చినది అలాంటిదే. రెండవ షాపు యజమాని నిజాయితీగా "మా దగ్గర ఉండదన్నా, తెప్పిస్తే రేపు సాయంత్రానికి వస్తుంది" అన్నాడు. ఆ ఒక్క రోజుకు డాక్టరు గారు మామూలు పారఫిన్ గాజుగుడ్డతో కట్టు కట్టి పంపారు.

గామా కిరణాల మాట ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పాలి. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలు, 17, 18 శాతం నీరు ఉంటాయి. అంత తక్కువ నీటిలో మామూలు సూక్ష్మజీవులు పెరగలేవు; పైగా ఆ చిక్కదనం గాయంలోని తేమను తనవైపు లాక్కుంటుంది, దానితో పాటే మురికీ పైకి వస్తుంది. తేనె పులుపు కూడా తక్కువది కాదు, దాని పి.హెచ్. విలువ నాలుగుకు అటూ ఇటూగా ఉంటుంది. వీటన్నిటికీ తోడు, తేనెటీగ తన తల భాగంలోని గ్రంథుల నుంచి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును తేనెలో కలుపుతుంది. తేనె చిక్కగా ఉన్నంతసేపు అది నిద్రపోతున్నట్టే ఉంటుంది. గాయం నుంచి ఊరే రసి కలిసి తేనె పలచబడగానే మేలుకొని, గ్లూకోజు నుంచి కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడును తయారు చేస్తుంది. మనం మందుల షాపులో కొనే 3 శాతం పెరాక్సైడుతో పోలిస్తే ఇది దాదాపు వెయ్యో వంతు. గాయంలోని మంచి కణాలను కాల్చని మోతాదు అది, సూక్ష్మజీవిని అణచగల మోతాదూ అదే. రసాయన శాస్త్రం చెప్పే వాడిగా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ ఏర్పాటే.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందంటే, అదే తేనెలో మట్టి నుంచీ పువ్వుల నుంచీ వచ్చే సూక్ష్మజీవుల బీజాలు పెరగకపోయినా చావకుండా ఉంటాయి. క్లాస్ట్రిడియం బీజాలు అలాంటివే. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించవద్దని డాక్టర్లు చెప్పేది వాటి వల్లనే. వాటిని చంపడానికి తేనెను కాచితే, వేడికి ఎంజైము చెడిపోయి, మిగిలేది ఒట్టి పాకం. అందుకని తేనెను వేడి చేయకుండా గామా కిరణాలకు గురిచేస్తారు. బీజాలు చస్తాయి, ఎంజైము చాలా వరకు నిలుస్తుంది. మా అమ్మ అలమారలోని సీసాకూ ఆ ట్యూబుకూ ఉన్న తేడా ఇది. ఖరీదులో ఉన్న తేడాకూ సగం కారణం ఇదే.

నేను కొన్న సరుకు న్యూజిలాండు, ఆస్ట్రేలియాల్లో పెరిగే మనుకా జాతి పొదల తేనెతో చేసినది. ఆ తేనెలో మిథైల్ గ్లైఆక్సాల్ అనే పదార్థం ఎక్కువ. పువ్వు మకరందంలోని డైహైడ్రాక్సీ ఎసిటోన్, తేనె నిలవ ఉన్న కొద్దీ అలా మారుతుంది. పెరాక్సైడు లేకపోయినా ఆ తేనె సూక్ష్మజీవులను అణచగలగడానికి కారణం ఇదే. న్యూజిలాండులో వైకాటో విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ మోలన్ ఆ తేనె గుణాలను పరిశోధించి ప్రపంచం దృష్టికి తెచ్చినవారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో ఇలాంటి తేనె కట్టుకు అనుమతినిచ్చింది. సముద్రాల అవతలి పొద మీద ఇంత పరిశోధన జరిగి, మన నల్లమల తేనె మీద ఆ పాటి లోతుగా జరగలేదన్న బాధ నాకు లోపల ఉంది; అయినా అది ట్యూబు తప్పు కాదు గనుక ఇక్కడ మార్కులు తగ్గించను.

ఇప్పుడు వాడకం. డాక్టరు గారి దగ్గర పనిచేసే సిస్టరమ్మ మొదటిసారి చేసి చూపించింది. సెలైన్‌తో గాయాన్ని కడిగి, చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని తడి లేకుండా ఒత్తి, తేనెను గాయం మీద కాకుండా ముందు గాజుగుడ్డ మీద పరిచి, దానిని గాయానికి ఆనించాలి. నేరుగా పూస్తే జారిపోతుంది. దానిపైన రసిని పీల్చే మందపాటి దూది పట్టీ, ఆపైన రోలరు కట్టు. వల లాంటి పట్టీ అయితే ఇంకా తేలిక. ట్యూబు తేనెను బొబ్బ చితికి గుంట పడిన చోట మాత్రమే వాడాము. మొదటి మూడు రోజులు రసి విపరీతంగా వచ్చింది, పై దూది పట్టీ పూటకే తడిసింది. తేనె తేమను లాగుతుందని పైన రాసిన దాని ఫలితం ఇదే. ఇది తెలియక, గాయం చెడిపోతోందేమోనని మేము కంగారుపడి ఫోను చేశాము. ఈ సంగతి పెట్టెలోని కాగితం మీద చిన్న అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో ఉంది. తెలుగులో ఒక్క వాక్యం వేసినా చాలామందికి ఆ కంగారు తప్పేది.

మంట సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. కట్టు కట్టిన మొదటి అరగంట అమ్మ పళ్ళు బిగబట్టింది. తేనె పులుపు వల్ల కొందరికి ఇలా చురుక్కుమనడం మామూలేనట, రెండో రోజుకు తగ్గింది, నాలుగో రోజుకు లేదు. నొప్పి ఓర్చుకోలేని పిల్లలకు ఇది కష్టమే అవుతుందని నా అభిప్రాయం. దానికి బదులుగా దొరికిన సుఖం కట్టు విప్పేటప్పుడు తెలిసింది. మామూలు గాజుగుడ్డ గాయానికి అతుక్కుపోయి, విప్పినప్పుడల్లా అప్పుడే పడుతున్న లేత చర్మాన్ని ఊడదీస్తుంది. ఎవరికైనా కట్టు విప్పిన అనుభవం ఉంటే ఆ కేక చెవుల్లోనే ఉంటుంది. తేనె పట్టీ జారినట్టు వచ్చేస్తుంది, అడపాదడపా అంచులు ఎండితే నాలుగు చుక్కల సెలైన్ చాలు. వాసన కూడా లేదు. ఈ రెండిటికే నేను ఈ సరుకుకు సగం మార్కులు వేస్తాను.

ఇక మా ఊరి ఎండ. ఈ పట్టీలు తయారు చేసినవాళ్ళు 42 డిగ్రీల ఊరిని ఊహించుకొని ఉండరు. ఒంటి వేడికే తేనె పలచబడుతుంది, దానికి మన మధ్యాహ్నం తోడైతే కట్టు కిందినుంచి కారి మోచేతి దాకా వస్తుంది. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం అమ్మ చీర కొంగు, మంచం మీది దుప్పటి, చేతిలోని టీవీ రిమోటు మూడూ జిగటైపోయాయి. ఆ వెనకే చీమలు. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టే రోజులు పోయాయనుకున్నాము గానీ, ఆ రెండు వారాలు మళ్ళీ వచ్చాయి. పై పట్టీ అంచులను నాలుగు వైపులా ప్లాస్టరుతో మూసివేస్తే కారడం చాలా వరకు ఆగుతుందని ఐదో రోజు సిస్టరమ్మ చెప్పింది. మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది. పెట్టె మీద 25 డిగ్రీల లోపు నిలవ చేయమని ఉంది. నేను కొన్న షాపులో అది రేకుల కప్పు కింద, ఎండ పడే అరలో ఉంది. ఫ్రిజ్ ఉన్న షాపులో తెప్పించుకోవడం మంచిదని నా సలహా, అయితే ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన ట్యూబు గట్టిపడి నొక్కితే రాదు. వాడబోయే ముందు కాసేపు గుప్పిట్లో పట్టుకోవాలి.

నాలుగో రోజు నుంచి రసి తగ్గింది, కట్టు రెండు రోజులకొకసారి మార్చాము. ఏడో రోజుకు అంచుల నుంచి గులాబి రంగు చర్మం లోపలికి పాకడం కనిపించింది, పదమూడో రోజున డాక్టరు గారు కట్టు అవసరం లేదన్నారు. మచ్చ కొంచెం తెల్లగా ఉంది, ఆరు నెలలు ఎండ తగలనివ్వవద్దన్నారు. చీము ఒక్కసారి కూడా పట్టలేదు. ఇదంతా తేనె గొప్పతనమే అని రాయడానికి నా మనసొప్పదు. అంత లోతు గాయం, షుగరు లేని మనిషికి, శుభ్రమైన ఏ కట్టుతోనైనా రెండు మూడు వారాల్లో మానుతుంది. ఒక్క చేతిని చూసి తీర్పు చెప్పలేము గనుకనే నేను పెద్ద లెక్కలను వెతికాను.

వెతికితే మొదట కనిపించినది మన దేశపు పేరే. మహారాష్ట్రలోని సోలాపూర్‌లో సర్జన్ ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది కాలిన గాయాల రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు తేనె, రెండో జట్టుకు ఆస్పత్రుల్లో అందరూ వాడే సిల్వర్ సల్ఫాడయజీన్ తెల్లని క్రీము వాడి, ఫలితాలను 1991లో బ్రిటిష్ సర్జరీ పత్రికలో ప్రచురించారు. సూక్ష్మజీవులు చేరిన గాయాల్లో ఏడు రోజులకు తేనె జట్టులో 91 శాతం శుభ్రపడ్డాయి, క్రీము జట్టులో 7 శాతం మాత్రమే. ఆ అంకెలు చూసి ఎగిరి గంతేసే ముందు, అదే సర్జన్ 1999లో ప్రచురించిన మరో పరిశోధనను కూడా చదవాలి: మోస్తరు కాలిన గాయాల్లో, చెడిపోయిన చర్మాన్ని తొందరగా కోసివేసి కొత్త చర్మం అతికించడమే తేనె కట్టు కన్నా మేలని అందులో ఆయనే తేల్చారు. తాను పెంచిన మొక్క నీడ ఎక్కడి దాకా పడుతుందో కొలిచి చెప్పిన మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

ప్రపంచంలోని పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి తూకం వేసే కోక్రేన్ సంస్థ 2015లో 26 పరీక్షలు, 3011 మంది రోగుల వివరాలతో తేనె మీద సమీక్ష వెలువరించింది. పై పొరలు మాత్రమే కాలిన గాయాలు మామూలు కట్లతో కన్నా తేనెతో నాలుగైదు రోజులు ముందుగా మానుతున్నాయని అందులో తేలింది; 992 మందితో జరిగిన రెండు పరీక్షల నుంచి వచ్చిన మాట అది. ఆపరేషను తరువాత చీము పట్టిన గాయాల్లోనూ తేనెకు మంచి పేరే వచ్చింది. కానీ కాళ్ళ సిరలు ఉబ్బి పడే పుండ్లకు తేనె వల్ల అదనపు మేలు కనబడలేదు, షుగరు రోగుల పాదాల పుండ్ల విషయంలో ఎటూ తేల్చి చెప్పలేకపోయారు. అంటే మా అమ్మ గాయం తేనెకు సరిగ్గా సరిపోయిన గాయం, అంతే. మా వీధిలోని ఒక పెదనాన్న మా ఇంటి కబురు విని, షుగరుతో పుండు పడిన తన బొటనవేలికి సీసా తేనె పూసుకొని, వారం తరువాత వేలు నల్లబడితే అప్పుడు ఆస్పత్రికి పోయాడు. ఆ పుండుకు కావలసింది తేనె కాదు, రక్తనాళాల పరీక్ష. ఈ సమీక్షను ఇంత పొడవుగా రాయడానికి ఆయన వేలు కూడా ఒక కారణం.

ఇప్పుడు అలమారలోని సీసా. అది ఆత్మకూరు, దోర్నాల అడవి దారిలో కొన్నది; కొండ తేనె, అంటే పెద్ద పెరలు పెట్టే తేనెటీగలది. నల్లమల చెంచులు తాళ్ళతో కొండ చరియల మీదుగా దిగి కోసుకొచ్చే ఆ తేనె రుచికి సాటి లేదు, దోసెలోకి దానిని మించినది నేను ఎరుగను. గిరిజన సహకార సంస్థ కొని, వడకట్టి అమ్మే తేనె కూడా మా ఇంట్లో ఏళ్ళుగా ఉంటుంది. కానీ కొండ తేనెలో నీటి పాళ్ళు తరచుగా 20 శాతం దాటుతాయి, మన ఆహార ప్రమాణాల సంస్థ తేనెకు పెట్టిన గరిష్ఠ హద్దు 20 శాతమే. మే నెలలో మా సీసా మూత తీస్తే బుస్సుమని నురగ వచ్చింది, పులుస్తోందన్న మాట. పెరను పిండేటప్పుడు పుప్పొడి, ఈగల రెక్కలు, చేతి మురికి అన్నీ అందులో చేరతాయి. తినడానికి వీటిలో ఏదీ పెద్ద దోషం కాదు, పచ్చి గాయానికి అన్నీ దోషాలే.

బజారులోని సీసాల సంగతి మరో రకం. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్లకు చెందిన 22 నమూనాలను పరీక్షింపజేస్తే, అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవి ఐదే. మిగిలిన వాటిలో చక్కెర పాకం కలిసిందన్నది వారి ఆరోపణ, కంపెనీలు దానిని ఖండించాయి. ఎవరి మాట ఎలా ఉన్నా, పాకంలో ఎంజైము ఉండదన్నది మాత్రం నిజం. నీళ్ళ గ్లాసులో చుక్క వేసి చూడడం, అగ్గిపుల్ల ముంచి గీయడం, చీమలు పడతాయో లేదో చూడడం లాంటి ఇంటి పరీక్షలను నమ్మవద్దు. చీమల సంగతి నేను పైనే రాశాను, అసలైన వైద్య తేనెకే అవి బారులు తీరాయి. గడ్డ కట్టిన తేనె కల్తీదన్న అపోహ కూడా మన జిల్లాలో ఎక్కువ. పొద్దుతిరుగుడు చేల దగ్గర పెట్టెలు పెట్టి తీసిన తేనె సహజంగానే తొందరగా గడ్డ కడుతుంది.

తేనెతో పాటు ఆ షాపువాడే ప్రోపోలిస్ టింక్చరు ఒకటి అంటగట్టబోయాడు, ఆసక్తి కొద్దీ కొన్నాను. తేనెటీగలు చెట్ల మొగ్గల నుంచీ బెరడు నుంచీ జిగురు తెచ్చి, పట్టులోని సందులను పూడ్చడానికి వాడే బంక అది. మన దేశపు తొర్ర తేనెటీగ ఆ అలవాటు లేనిది, కాబట్టి ఇక్కడ దొరికే ప్రోపోలిస్ పెట్టెల్లో పెంచే ఐరోపా జాతి ఈగలదే అయి ఉంటుంది. సూక్ష్మజీవులను అణచే గుణం దానికి ఉన్నమాట వాస్తవమే గానీ, ఆ సీసాలోనిది ఆల్కహాలులో కరిగించినది. నా వేలికి గీసుకున్న చిన్న గాటు మీద ఒక్క చుక్క వేసుకుంటే కళ్ళు తిరిగినంత పనైంది. పైగా చర్మానికి దద్దుర్లు తెప్పించే పదార్థాల్లో ప్రోపోలిస్ పేరు చర్మ వైద్యులకు బాగా తెలిసినదే. పచ్చి గాయానికి దీనిని ఎవరికీ సిఫారసు చేయను.

మైనం మాత్రం మంచి పాత చుట్టం. ఆయుర్వేదంలో పుండ్లకు వాడే జాత్యాది ఘృతంలో తేనె మైనం ఉంటుంది, సుశ్రుతుడు తేనెను గాయాన్ని శోధించేదిగా, పూడ్చేదిగా, అతికేదిగా చెప్పి, నేతితో కలిపి వాడమన్నాడు. మా జేజి చలికాలంలో మైనాన్ని ఆముదంలో కరిగించి కాళ్ళ పగుళ్ళకు రాసేది. అలాంటి మూసిన చర్మానికి మైనం ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తుంది. కాలిన గాయం మీద మాత్రం వద్దు. వేడిని లోపలే బంధిస్తుంది.

ఖర్చు సంగతికి వస్తే, ఒక్క ట్యూబు ఖరీదుకు మంచి అడవి తేనె కిలో దాకా వస్తుంది. పట్టీలు, ట్యూబు, సెలైన్, పై దూది పట్టీలు అన్నీ కలిపి మాకు మూడు వేలకు కాస్త లోపే అయింది. సిల్వర్ క్రీముతో అయితే ఇందులో నాలుగో వంతు. క్రీము రోజూ కడిగి, రోజూ మళ్ళీ పూయాలి, ఆ తెల్లని పొర కింద గాయం ఎలా ఉందో కనబడదు. తేనె కట్టు రెండు మూడు రోజులు నిలుస్తుంది, అమ్మ అరుపులు తగ్గుతాయి. సర్కారు పెద్దాస్పత్రికి పోయేవాళ్ళకు అక్కడ ఉచితంగా ఇచ్చే క్రీమును వదులుకొని ఇది కొనమని నేను చెప్పలేను. కొనగలిగినవాళ్ళకు, పై పొరలు మాత్రమే కాలిన, రోగి అరచేతికి ఒకటి రెండింతలు మించని గాయానికి, డాక్టరు చూసి సరేనన్నాక, ఇది ఇచ్చిన డబ్బుకు తగిన సరుకే. ముఖం, కీళ్ళు, వేళ్ళ సందులు కాలినా, చర్మం తెల్లగా మారి నొప్పే తెలియకపోయినా నేరుగా ఆస్పత్రికి పోవాలి. తేనెటీగ కుడితే ఒళ్ళంతా వాచేవాళ్ళు, తేనె పడనివాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి.

అమ్మ చేయి మానేసరికి ట్యూబులో సగం మిగిలింది. తెరిచిన ట్యూబును మరో గాయానికీ మరో మనిషికీ వాడకూడదని దాని మీదే ఉంది కాబట్టి నేను దానిని చెత్తబుట్టలో వేశాను. అంత ఖరీదు పెట్టిన తేనెను పారేసినందుకు అమ్మ నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున దోసెల పక్కన నల్లమల సీసా తెచ్చిపెట్టి, "ఇదైనా తినేదేనా, లేక దీనికీ కిరణాలు కొట్టించాలా" అని అడిగింది.